గంట మోగితే దీపం తగ్గించు

"'గంట మోగితే దీపం తగ్గించు, తలుపు గడియ పెట్టు, ఎవర్నీ పేరు పెట్టి పిలవకు' అని మా అమ్మ చెప్పింది. ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది. నువ్వేమో కిటికీకి మొహం అంటించి నిలబడ్డావ్! తప్పుకో అక్కణ్ణించి!"

"మీ అమ్మ చాలా చెప్పిందిలెండి అత్తయ్యా. ఆదివారం పూట కత్తెర ముట్టుకుంటే చూలావులు ఈసుకుపోతాయని కూడా చెప్పింది."

"పోలేదా మరి? పోయిన ఈస్టర్‌కి మచ్చలావు ఈసుకుపోలేదా?"

"అది మంచు మీద జారిపడి!"

"ఎందుకు జారింది? అదీ అడగాల్సింది."

ముసలావిడ సిగ్నే లాంతరు మీదికి చెయ్యి చాపింది. కోడలు లవాన్ దాన్ని తన వైపు లాక్కుంది. ఇద్దరి మధ్యా ఒత్తి ఎగిరెగిరి పడి, గోడ మీద నీడలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

అప్పుడే మళ్ళీ...

టంగ్.

గాలి గోలలోంచి, దూరంగా. ఒక్క దెబ్బ. తర్వాత ఇంకోటి. మళ్ళీ ఆగి... ఇంకోటి.

లవాన్ చెయ్యి దానంతట అదే లాంతరు వదిలేసింది. అత్త ఒత్తి కిందికి దింపింది. ఎవరు గెలిచారన్న లెక్క ఇద్దరికీ పట్టలేదు.

* * *

ఆ గంట తొమ్మిదో నంబరు బడిది. డకోటాలో మా కౌంటీ ఉత్తరపు కొసన, స్కోగెన్ వాళ్ళ, అంటే ఈ అత్తాకోడళ్ళ, మేతబీడు అవతల, ఒంటరిగా ఒక తెల్లగది. రంగు ఎప్పుడో ఊడిపోయింది. పిల్లలు చదవడం మానేసి ఒక తరం దాటింది. కిటికీలు పగిలాయి, పావురాలు చేరాయి. గంట మాత్రం కప్పు మీద అలాగే ఉంది. ఒకసారి చర్చి వాళ్ళు దాన్ని దింపి తెచ్చుకుందామని నిచ్చెన వేశారు. ఎక్కినవాడు పడ్డాడు. రెండోవాడు ఎక్కనన్నాడు. అంతటితో సరి.

దాని కథ మా కౌంటీలో ఉగ్గుపాలతో పోస్తారు. వెనకటి రోజుల్లో ఒక మంచు తుపాను మిట్టమధ్యాహ్నం విరుచుకుపడిందట. పొయ్యిలోకి బొగ్గు తేవడానికి ఇద్దరు పిల్లలు వెనక పాకలోకి వెళ్ళారు. పాక ఎంత దూరం? చెయ్యి చాపితే అందేంత. వాళ్ళు తిరిగి రాలేదు. గంట చప్పుడు పట్టుకుని వస్తారేమోనని టీచరమ్మ తాడు లాగుతూనే ఉంది... లాగుతూనే ఉంది. తుపాను తగ్గి జనం వెళ్ళేసరికి ఆవిడ నిలబడ్డది నిలబడ్డట్టే బిగుసుకుపోయి ఉంది. చేతిలో తాడు.

అప్పట్నించీ పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా ఆ గంట మోగుతుందంటారు. ఆవిడ ఇంకా పిల్లల్ని పిలుస్తోందట. ఆ పిలుపు పట్టుకుని వెళ్ళినవాడు వెనక్కి రాడట.

నమ్మనివాళ్ళు ఐనర్ పేరు చెప్తే నోరు మూసేవాళ్ళు. ఐనర్ పెళ్ళీపెటాకులూ లేని ముసలి రైతు. ఒక ఏడు తుపానులో మాయమయ్యాడు. మంచు కరిగాక ఆ బడిలో దొరికాడు. గంట కిందే, గోడకి ఆనుకుని కూచుని... మణికట్టుకి తాడు చుట్టుకుని ఉంది.

"చూశారా, ఆవిడే కట్టేసుకుంది" అన్నారు ఊళ్ళో.

లవాన్ అప్పుడు చిన్నపిల్ల. ఆ ముక్క ఎవరూ ఆమెకి చెప్పలేదు. పెద్దవాళ్ళు గుసగుసలాడుకుంటుంటే బల్ల కింద నక్కి వింది.

* * *

ఇంతకీ ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరే ఎందుకున్నారంటే, గైలన్ అలిగి పోయాడు.

గైలన్ లవాన్ మొగుడు, సిగ్నేకి ఒక్కడే కొడుకు. పొద్దున కంచె గురించి పోట్లాట. ముళ్ళతీగ తెగిన చోట కట్టమని లవాన్ మొదటి మంచు పడ్డప్పట్నించీ చెప్తోంది, ఆయన రేపంటున్నాడు. చివరికి ఎర్ర పెయ్య, తొలిచూలుది, నేడో రేపో ఈనాల్సింది, ఆ సందులోంచి దూరి ఎటో పోయింది.

"ఇప్పుడు కట్టు! పోయాక కట్టు! దాని జ్ఞాపకార్థం కట్టు!" అంది లవాన్.

"దాణా తేవడానికి ఊళ్ళోకి పోతున్నా" అన్నాడు గైలన్, చెవులమీదికి టోపీ లాక్కుంటూ. "వాతావరణం తేడాగా ఉంది. అక్కడే చర్చి హాల్లో పడుకుంటా. ప్రశాంతంగా ఉంటుంది."

"పడుకో. నాకూ ప్రశాంతమే."

పికప్ బండి రోడ్డెక్కిన చప్పుడు విన్నది. కిటికీ దగ్గరికి వెళ్ళి చూడలేదు. చూస్తే లోకువ.

మధ్యాహ్నానికి వాయవ్యపు దిక్కున ఆకాశం సీసంలా నల్లబడింది. ఆ తర్వాత ఏమైందో చెప్పడానికి చూసినవాడు లేడు, ఎవరికీ తమ చెయ్యి తమకే కనబడలేదు. మంచు పైనించి పడలేదు, పక్కనించి వచ్చి కొట్టింది. కరెంటు పోయింది. కాసేపటికి టెలిఫోనూ మూగబోయింది. రోడ్డు మీద మంచు తోసే బండ్లని కౌంటీవాళ్ళు వెనక్కి పిలిచేశారు. చర్చిలో ఒక శవపేటిక పూడ్చేవాళ్ళు లేక అలాగే ఉండిపోయింది. బీళ్ళలో పశువులు గాలికి వీపు తిప్పి నడుస్తూ నడుస్తూ, ముక్కుల్లో మంచు గడ్డకట్టి, నిలబడే ఊపిరాడక పోయాయి.

ఇంటి వసారా నించి కొట్టం దాకా తాడు ఉంది. మా వైపు చలికాలం మొదట్లోనే ప్రతి ఇంటివాళ్ళూ కట్టుకుంటారు. ఆ తాడు పట్టుకునే లవాన్ వెళ్ళి ఆవులకి మేత వేసి వచ్చింది. వచ్చేసరికి కనురెప్పలు అతుక్కుపోయాయి.

"వాడు ఊళ్ళో వెచ్చగా పేకాడుతుంటాడు" అంది అత్త.

"ఆడుతూనే ఉంటాడు. ఓడిపోతూ కూడా ఉంటాడు."

కోపం ఉన్నంతసేపూ భయం లేదు. అదొక సుఖం.

తర్వాత చీకటి పడింది... గంట మొదలైంది.

ఆ సాయంత్రం చాలాసేపు మోగింది. ముందు గట్టిగా, గబగబా. తర్వాత ఆగి ఆగి. లవాన్ పొయ్యి దగ్గర కుర్చీ లాక్కుని, చేతుల్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూచుంది. అత్త పెదాలు కదుపుతూ నార్వే భాషలో ప్రార్థన చేస్తోంది.

"అది గాలే కదా అత్తయ్యా?"

"గాలి ఊపిరి తీసుకుంటుందా?" అంది అత్త గుసగుసగా. "విను. లాగుతుంది... ఊపిరి తీసుకుంటుంది... లాగుతుంది."

లవాన్ వినదల్చుకోలేదు. బ్యాటరీ రేడియో పెద్దగా పెట్టింది. ఎవడో అకార్డియన్ మీద పోల్కా వాయిస్తున్నాడు. ఆ పాటల మధ్య ఎప్పుడో గంట ఆగిపోయింది. ఎప్పుడాగిందో ఇద్దరూ గమనించలేదు.

* * *

మర్నాడూ తుపాను తగ్గలేదు. కిటికీలకి తెల్లగోడ కట్టేసింది. పగలో రాత్రో గడియారం చెప్తేనే తెలిసేది.

రేడియోలో పాటలు ఆపేసి కబుర్లు చదువుతున్నారు. మా దగ్గర అదే ఆనవాయితీ. ఫోన్లు పోయినప్పుడు ఊళ్ళో చిక్కుకున్నవాళ్ళు స్టేషన్‌కి వెళ్ళి ఇంటివాళ్ళకి ఒక మాట చెప్పిస్తారు. "వెర్నన్ గారి భార్యకి మనవి, ఆయన క్షేమం, పందుల్ని మర్చిపోవద్దన్నారు." "కోరా అక్కకి, మేం హోటల్లో ఉన్నాం, పిల్లలు ఒక్క ముక్క చదవడం లేదు."

లవాన్ గిన్నెలు తోముతూ ఒక చెవి అటే పెట్టింది. గైలన్ ఇలాంటి అవకాశం వస్తే వదలడు. ఏదో ఒక వెధవ జోకు కౌంటీ అంతా వినేలా చెప్పించి తన పరువు తీస్తాడు. తీస్తే ఏం తిట్టాలో కూడా సిద్ధం చేసుకుంది.

సాయంత్రం అవుతుండగా రేడియో ఆయన గొంతు సవరించుకున్నాడు.

"స్కోగెన్ వాళ్ళింటికి. నిన్న తుపాను ముందే దాణా వేసుకుని గైలన్ ఇంటికి బయల్దేరాడని దుకాణం వాళ్ళంటున్నారు. క్షేమంగా చేరాడని వాళ్ళు అనుకుంటున్నారు. ఫోన్ బాగయ్యాక ఒక మాట చెప్పమంటున్నారు."

లవాన్ చేతిలో గిన్నె నీళ్ళలోకి జారింది.

ఊళ్ళోవాళ్ళు ఇంట్లో ఉన్నాడనుకుంటున్నారు. ఇంట్లోవాళ్ళు ఊళ్ళో ఉన్నాడనుకుంటున్నారు. నిన్న మధ్యాహ్నం నించీ... మనిషి ఎక్కడా లేడు.

అత్త కుర్చీ చేతిని పట్టుకుని రేడియో వైపు వంగింది.

సరిగ్గా అప్పుడు...

టంగ్.

నిన్నటిలాంటిది కాదిది. ఒక దెబ్బ. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గబగబా రెండు, మూడు, ఏదో పీక్కుంటున్నట్టు, గింజుకుంటున్నట్టు. మళ్ళీ నిశ్శబ్దం. గాలికి అలా ఉండదు. మనిషి చేతికీ అలా ఉండదు.

లవాన్ తడిచేతులతో అలాగే నిలబడిపోయింది. కళ్ళముందు ఐనర్ కనబడ్డాడు. గోడకి ఆనుకుని, మణికట్టుకి తాడు చుట్టుకుని.

దెయ్యం కట్టేసిందన్నారు. ఎవడూ ఇంకో సంగతి అడగలేదు. వేళ్ళు కొయ్యబారి తాడు పట్టు తప్పుతుంటే... మనిషి ఏం చేస్తాడు? చేతికి కట్టుకోడూ? కట్టుకుని, ఒళ్ళంతా వేసి లాగడూ?

ఆ ఏడు కూడా కౌంటీలో సగం మంది గంట విన్నారు. విని, దీపాలు తగ్గించారు.

"అత్తయ్యా..." లవాన్ ఇటు తిరిగింది. "అది గైలన్."

"పేరెత్తకు!" ముసలావిడ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. "పేరు పెట్టకే పిల్లా, నీకు పుణ్యముంటుంది..."

"గైలన్! గైలన్! గైలన్! ఎత్తాను. ఏం చేస్తుంది?"

జవాబుగా గంట మోగింది. ఒక్కటి.

లవాన్ రెండు ప్యాంట్లు తొడుక్కుంది. మొగుడి కోటు వేసుకుంది. బట్టలారేసే తాడూ, దూడల్ని పట్టే పలుపుతాళ్ళూ కలిపి ముళ్ళు వేసింది. వేస్తుంటే అత్త వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వాడు ఎలాగూ..." అని ఆగింది. "నువ్వూ పోతే ఇంట్లో నేనొక్కదాన్నే..."

"అందుకే తిరిగొస్తాను. మీతో ఇంకా చాలా పోట్లాటలు బాకీ ఉన్నాయి."

ముసలావిడ కోడలి మొహం చుట్టూ ఉన్నిగుడ్డ చుట్టింది. కళ్ళు మాత్రం వదిలి, ఊపిరాడనంత బిగించి ముడేసింది.

* * *

కొట్టం దాకా తాడుంది. కొట్టం వెనక నించి, గాలిని ఆపడానికి మామగారు నాటిన చెట్ల వరస. అది మేతబీడు మొదటి దాకా పోతుంది. ఒక చెట్టుని కావలించుకుని, చెయ్యి చాపి తడిమి, ఇంకో చెట్టు దొరికాక మొదటిది వదిలి... అలా వెళ్ళింది లవాన్. గాలి ఎదురుగా మొహాన్నే కొడుతోంది. వెంట తెచ్చిన లాంతరు ఎప్పుడో ఆరిపోయింది. ఉన్నా కనబడేది తెలుపే.

చివరి చెట్టు.

దానికి తాడు కట్టి, రెండో కొస నడుముకి బిగించుకుంది. ఇక బీడు. పట్టుకోడానికి ఏమీ లేదు. కంచె ఎక్కడో కాళ్ళకింద మంచులో పూడిపోయింది. ముందుకి దారి చెప్పేది ఒక్కటే, చిన్నప్పట్నించీ ఏ చప్పుడు వైపు ఒక్క అడుగు కూడా వెయ్యొద్దన్నారో ఆ చప్పుడు.

టంగ్.

అటు తిరిగింది. నడిచింది. పడింది. లేచింది. మంచు నడుము దాకా వస్తోంది. మోకాళ్ళ మీద పాకింది.

టంగ్... టంగ్.

ఇంకా అటు. కొంచెం ఎడమకి.

నడుము దగ్గర పట్టి లాగినట్టైంది. కెవ్వుమంది. ఎవరో వెనక నించి...

ఎవరూ కాదు. తాడు అయిపోయింది.

అలాగే మోకాళ్ళ మీద కూచుంది. ముందుకి ఎంత ఉందో తెలీదు. వెనక తాడు, తాడు చివర చెట్టు, చెట్ల చివర ఇల్లు. ముందు గంట.

గంట ఆగిపోయింది.

చూసింది. అంటే, విన్నది. గాలి తప్ప ఏమీ లేదు. ఎంతసేపు? అంత చలిలో 'సేపు' అన్నది ఉండదు. వేళ్ళు తనవి కావన్నట్టున్నాయి. నిద్ర వస్తోంది. తియ్యగా, వెచ్చగా వస్తోంది. ఆ వెచ్చదనం ఏమిటో మా కౌంటీలో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. లవాన్‌కి అన్నిటికంటే దానికే భయం వేసింది.

"గైలన్!" అని అరిచింది. నోట్లోకి మంచు పోయింది. "గైలన్! ఒరే సచ్చినోడా, కొట్టరా!"

ఏమీ లేదు... ఏమీ లేదు...

టంగ్!

నెత్తి మీదే ఉన్నట్టు మోగింది.

పళ్ళతో ముడి విప్పి, నడుము నించి తాడు వదిలేసింది లవాన్.

* * *

గోడ తగిలింది. తలుపు సగం దాకా పూడిపోయి ఉంది. గోడ వెంబడి తడుముకుంటూ వెళితే కిటికీ దొరికింది, అద్దం లేని చట్రం. అందులోంచి లోపలికి దొర్లింది.

చీకటి. గాలి గోల ఒక్కసారిగా బయట ఉండిపోయింది. ఆ నిశ్శబ్దం చెవుల్లో నొప్పిగా ఉంది.

"గైలన్?" గుసగుస.

ఎవరో ఊపిరి తీసుకున్నారు.

మనిషి ఊపిరి కాదు. పెద్దది. లోతైనది. ఛాతీ అంతా నింపుకుని, నెమ్మదిగా వదులుతున్నట్టు. గదిలో ఆ మూల నించి... కాదు, ఈ పక్క నించి. దగ్గరికొస్తోంది. చెక్కనేల కిర్రుమంది.

లవాన్ గోడకి అతుక్కుపోయింది. అగ్గిపుల్ల గీద్దామంటే వేళ్ళు వంగడం లేదు. కళ్ళు మూసుకుంది, చీకట్లో మూసుకుని ఏం లాభం అన్నది తట్టలేదు. వేడి ఊపిరి మొహం మీద పడింది. తడిగా. ముక్కుమీద, చెంపమీద, ఉన్నిగుడ్డ మీద...

నాకింది.

గరుకైన, ఇంత పొడవు నాలుక.

లవాన్ చెయ్యి అప్రయత్నంగా లేచింది. వెచ్చటి బొచ్చు తగిలింది. చెవి. చెవికి తగరపు బిళ్ళ. మెడ. మెడకి తాడు... తాడు తిన్నగా పైకి, కప్పులోకి పోతోంది.

ఎర్ర పెయ్య విసుగ్గా తల విదిలించింది.

టంగ్... టంగ్... టంగ్.

లవాన్ నేల మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలీదు. కూలబడ్డప్పుడు చెయ్యి ఒక బూటు మీద పడింది. బూటులో కాలుంది.

పెయ్య పడుకుని లేచిన చోట, ఆ వెచ్చటి జాగాలో, ముడుచుకుని ఉన్నాడు గైలన్. గోడకి వేలాడే పాత గుడ్డ మ్యాపు, ప్రపంచపటం, పీకి ఒళ్ళంతా చుట్టుకున్నాడు. లవాన్ అతని మెడ కింద చెయ్యి పెట్టింది. ఏమీ తెలీలేదు. తన వేళ్ళకే స్పర్శ లేదు. చెంప ఆనించింది. అప్పుడు తెలిసింది. సన్నగా... కొట్టుకుంటోంది.

"లే. లేరా. లే అంటుంటే!" చెంపమీద ఒకటిచ్చింది. ఇంకోటిచ్చింది. రెండోది నిన్నటి కోపం.

పెదాలు కదిలాయి. చెవి ఆనించింది.

"కంచె... కట్టేస్తాలే."

"కట్టావులే! ఇంకా పడుకో!"

"కాలు విరిగింది. మెట్టు మీద జారి..." మధ్యమధ్యలో ఎక్కడికో పోయి వస్తున్నాడు. "ఇది రోడ్డు పక్కన నిలబడుంది. బండి దిగి పట్టుకునేసరికి... బండి కనబడలేదు. ఇదే ఇక్కడికి లాక్కొచ్చింది. చేతులు పని చెయ్యడం మానేశాక, ఇవాళ, పళ్ళతో ముడి లాగి దీని మెడకి కట్టా. తల ఊపినప్పుడల్లా..."

"మాట్లాడుతూ ఉండు. పడుకోకు."

"పడుకోనీ."

"పడుకుంటే మీ అమ్మని పిలుస్తా."

పెయ్యని మళ్ళీ పడుకోబెట్టి, దాని పొట్టకి అతన్ని ఆనించి, ఇవతలి పక్క తను పడుకుంది. రాత్రంతా తిట్టింది. తెలిసిన తిట్లన్నీ అయిపోతే అతని చిన్నప్పటి స్నేహితుల్ని తిట్టింది. అతను పలకడం మానేస్తే గిల్లింది. పెయ్య మధ్యమధ్య తల విదిలించేది, గంట మోగేది, ప్రతిసారీ లవాన్ ఉలిక్కిపడేది. ఆవే అని తెలిసినా సరే.

తెల్లవారుజామున గాలి పడిపోయింది. అప్పుడు వినబడింది ఇంకో చప్పుడు. ఇంటి వైపు నించి. డబడబ... డబడబ... రేకు మీద ఇనుముతో బాదుతున్నట్టు, అలిసిపోయి, అయినా ఆగకుండా.

గైలన్ కళ్ళు తెరిచాడు.

"అమ్మ" అన్నాడు. "పాలక్యాన్ వాయిస్తోంది."

* * *

ఆ డబడబ పట్టుకునే పక్కపొలం హార్లన్ ట్రాక్టరు వేసుకుని వచ్చాడు, వెలుగొచ్చాక. ముసలావిడ వసారాలో నిలబడి ఉందట. పాలక్యాన్ సొట్టలు పోయి గుర్తుపట్టేలా లేదట. అట్లకాడ వంగిపోయిందట. "వాళ్ళిద్దరూ బడిలో ఉన్నారు, పో" అని ఒక్క ముక్క అని లోపలికెళ్ళి పొయ్యి రాజేసిందట.

గైలన్‌కి రెండు వేళ్ళు తీసేశారు. కాలు అతికింది. పెయ్య ఆ వారంలోనే ఈనింది, ఏమీ ఎరగనట్టు.

ఆసుపత్రి నించి వచ్చిన ఆదివారం హార్లన్, అతని భార్య బర్నీస్ చూడ్డానికొచ్చారు. బర్నీస్ ట్యూనా చేపా నూడుల్సూ కలిపి కాల్చిన హాట్‌డిష్ తెచ్చింది, ముగ్గురున్న ఇంటికి పది మందికి సరిపడా. కాఫీ పోసుకున్నారు. పోయిన పశువుల సంగతి, విరిగిన కరెంటు స్తంభాల సంగతి, ఎవరింటి కప్పు దాకా మంచు వచ్చిందన్న పోటీ, అన్నీ అయ్యాయి.

"అదృష్టవంతుడివయ్యా గైలన్" అంది బర్నీస్, ఇంకో గరిటెడు వడ్డిస్తూ. "ఆ టీచరమ్మ చేతికి చిక్కి బయటపడ్డవాడివి నువ్వొక్కడివే. ఆ మొదటి సాయంత్రం గంట విన్నామా... బాబోయ్! ఎంత దీనంగా కొట్టిందనుకున్నావ్! నేను ఈయన్ని మంచం కిందికి పొమ్మన్నా."

"పొమ్మన్నావా? నేను వెళ్ళేసరికి చోటేది అక్కడ?" అన్నాడు హార్లన్.

"రెండో రాత్రైతే గంటకి తోడు ఇంకోటి. డబ్బా మోత! దెయ్యాలకి బ్యాండుమేళం కూడా వచ్చింది కాబోలనుకున్నా."

సిగ్నే చేతిలో కప్పు పెదాల దాకా వెళ్ళి ఆగింది.

"మొదటి సాయంత్రం కొట్టింది నేనే, బర్నీస్" అన్నాడు గైలన్ నెమ్మదిగా.

"నువ్వు కొట్టింది వేరు."

"నేనే. చీకటి పడ్డప్పట్నించీ. చేతులు పోయేదాకా."

"కాదయ్యా." బర్నీస్ గరిటె పక్కన పెట్టింది. మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు బల్ల మీదికి దిగాయి. "మేం విన్నది ఆవిడదే. మాకు తెలీదూ? మనిషి కొడుతున్నాడంటే... మేం రాకుండా ఉంటామా?"

హార్లన్ తన కాఫీలోకి చూస్తూ కూచున్నాడు. కాసేపటికి టోపీ తీసుకున్నాడు. పశువులకి మేత వెయ్యాలన్నాడు. హాట్‌డిష్ గిన్నె తర్వాత పంపొచ్చంది బర్నీస్.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లో ముగ్గురే మిగిలారు. గైలన్ కట్టు కట్టిన చేతుల్ని బల్ల మీద పెట్టుకుని, వాటినే చూస్తున్నాడు.

"లవాన్."

"ఊఁ."

"ఇక్కడికి... వినబడిందా? మొదటి సాయంత్రం."

లవాన్ నోరు తెరిచింది. అంతకంటే ముందే అత్త గొంతు వచ్చింది, వెనక నించి, చాలా మామూలుగా.

"లేదు నాయనా. గాలి అటు తిరిగి ఉందిగా. ఏమీ వినబడలేదు."

గైలన్ తలెత్తి తల్లి వైపు చూశాడు. తర్వాత పెళ్ళాం వైపు. ఆ మధ్యాహ్నం ఆ గాలిలో పెయ్య వెంట నడిచినవాడు అతను. అది బడి వైపు నించి ఇంటి వైపే కొట్టిందని కౌంటీ మొత్తంలో అతనికంటే బాగా ఎవడికి తెలుసు?

"అవును" అన్నాడు. "గాలి అటే."

అని కాఫీ తాగాడు, రెండు చేతులతో కప్పు ఇరికించి పట్టుకుని. ఆ ఇంట్లో ఆ మాట మళ్ళీ రాలేదు. మిగతా ఇళ్ళలో ఇప్పటికీ వస్తుంది. మొదటి సాయంత్రం విన్నది దెయ్యాన్నే అని ఒట్టేసి చెప్తారు. మరి రాత్రి నిద్ర పట్టాలి కదా.

అది సరే. ఎవరూ వినడం లేదు, నిజం చెప్పండి. ఆ సాయంత్రం ఆ పొయ్యి పక్కన మీరు కూచుని ఉంటే, ఆ గంట మీ చెవిన పడితే... లేచేవాళ్ళేనా?